ఏమీ చేయని కమాండ్

నదుల నీటిమట్టాలు లెక్కగట్టే మా ఆఫీసులో పనంతా కంప్యూటర్లో, యూనిక్స్ అనే వ్యవస్థ తెర మీదే. ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఒక పని అయిపోవాలి. అలాంటి చిన్న చిన్న కమాండ్లన్నీ కలిపి మేం పెట్టె అంటాం. పెట్టెలోకి కొత్తది కావాలంటే ఎవరైనా చేసేది ఒకటే: పాతదాన్ని కాపీ కొట్టి, అక్కర్లేని వరుసలు తీసేసి, దేవుడికో దండం పెట్టుకోవడం.

నాతోపాటు అదే గదిలో పనిచేసే మా వదిన కూడా అదే చేసింది. పాత ఫైళ్లు తుడిచేసే కమాండ్‌ని కాపీ కొట్టింది, తుడిచే వరుస తీయడం మరిచిపోయింది. ఎంటర్ నొక్కగానే వానాకాలం కొలతలన్నీ ఊడ్చుకుపోయాయి. ఆ తర్వాత ఆవిడ మళ్లీ కమాండ్ రాయలేదు. "నువ్వే రాసిపెట్టమ్మా, నా చెయ్యి మంచిది కాదు," అనేది. అంత తెలివైన మనిషి నోట ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

అందుకే నమూనా అని ఒక ఖాళీ కమాండ్ రాశాను. ఫైళ్లు చూపిస్తే వాటి పేర్లు చదివి ఊరుకుంటుంది, అంతే. కొత్త కమాండ్ కావాల్సినవాళ్లు దీన్ని కాపీ చేసుకుని, మధ్యలో వదిలిన ఖాళీలో తమ పని రాసుకోవాలి.

మా పైఅధికారి ఏదడిగినా చూద్దాం అంటారు కాబట్టి మాకాయన చూద్దాంగారు. నమూనాని పెట్టెలో చేర్చమంటే ఈసారి అది కూడా అనలేదు.

"ఏ పనీ చేయని కమాండ్ ఎందుకమ్మా? ఆ పనికి మనుషులే బోలెడుమంది ఉన్నారు," అన్నారు. అందరూ నవ్వారు.

"ఒక్కసారి నడిపి చూడండి సార్," అన్నాను ఉక్రోషంగా.

ఆయన నా కుర్చీలో కూర్చున్నారు. నకలు ఫోల్డరు ఇవ్వండని నేను చెప్పేలోపే అసలు కొలతల ఫోల్డరు ఇచ్చి ఎంటర్ నొక్కేశారు. వదిన ముఖం పాలిపోయింది.

తెర మీద వరసగా ఫైళ్ల పేర్లు వచ్చాయి. చివర నేను రాసిన ముక్క: "నాకింకా ఏ పనీ నేర్పలేదు. దేన్నీ ముట్టుకోలేదు."

చూద్దాంగారు ఫోల్డరు తెరిచి పైనుంచి కిందిదాకా చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. నుదురు తుడుచుకుని, "పెట్టెలో అన్నిటికంటే ముందు దీన్ని పెట్టు," అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

వెనక్కి తిరిగేసరికి వదిన తన బల్ల దగ్గర నమూనాని కాపీ చేసుకుంటోంది. ఖాళీలో ఒక్క వరుస రాసింది, అన్నిటికంటే ఎక్కువ నీటిమట్టం ఎంతో చూపించడానికి. ఎంటర్ మీద వేలు ఆగిపోయింది.

"నేను నొక్కనా వదినా?" అన్నాను కీబోర్డు వైపు చెయ్యి చాచి.

"చెయ్యి తియ్యి," అంది.

నొక్కింది. అంకె వచ్చింది, సరైనదే. ముచ్చట తీరక ఇంకోసారి నొక్కింది.