నీళ్ల మీది ఇల్లు

“నిద్దట్లో అటు దొర్లితే ఏమైతాది? కింద నీళ్లేనాయె. అరిచినా ఎవురికి ఇనపడతాది?”

రాతిమీదికి వంగి, ఎవరితోనూ కాకుండా అంది మగ్దలీనమ్మ. ఎదురుగా కూర్చున్న పుష్పమ్మ చెయ్యి ఆపకుండానే నవ్వింది.

మార్కాపురం పలకల కార్ఖానాలో ఆడవాళ్ల వరుస అది. గని నుంచి వచ్చిన రాతిని మగవాళ్లు ఉలితో పొరలుగా చీల్చి ఇస్తే, వీళ్లు ఇసుక చల్లి, నీళ్లు చిలకరించి, గరుకు పోయేదాకా రుద్దుతారు. రుద్దేకొద్దీ మబ్బురంగు బురద తేలుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆ బురదలోనే నాని, మగ్దలీనమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి.

“ఇంగా ఆ పిల్ల పలక మీద గీసే బొమ్మింటి గోలేనా అక్కా? ఆ పిల్ల పొద్దుగుంకక ముందే బండెక్కుతాది. ఈ పొద్దన్నా అది పిలిస్తే ఒక్కమారు పలుకు. నోట్లో ముత్యాలేమన్నా దాచిపెట్టుకున్నావా?”

మగ్దలీనమ్మ మరికాస్త ఇసుక చల్లింది.

ఆ పిల్ల పేరు ఎస్తేరు. రంగం అని మనవాళ్లనే బర్మా దేశంలో కరెను జాతి పిల్ల. అక్కడి బియ్యం మిల్లుల్లో కూలికి పోయిన మనవాళ్ల బిడ్డలకు చదువు చెప్పాలని, తెలుగు నేర్చుకోవడానికి ఓడెక్కి వచ్చింది. చదువు ఆర్నెల్లు. ఇల్లు ఏసు గుడి పక్కనే ఉందని ఆ గుడి పంతులు గిద్యోను ఆమెను సీమోను, మగ్దలీనమ్మ దంపతుల ఇంట్లో దింపినాడు. వచ్చిన పూటే “ఈమెను అమ్మా అని పిలువు” అని నేర్పినాడు. పిల్ల పిలిచింది. మగ్దలీనమ్మ పలకలేదు.

ఆ తరవాతా పలకలేదు. పిలిస్తే చేతిలో పని వదిలి వచ్చి ఎదురుగా నిలబడేది, అంతే. తల దువ్వింది, చాప దులిపి తేళ్లున్నాయేమోనని వెతికింది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ తియ్యకుండా కూర్చుంది. “ఆఁ” అన్న ఒక్క మాట మాత్రం గొంతు దాటనివ్వలేదు.

చివరిసారి ఆ మాట దయామణికి చెప్పింది. కడుపున పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. జ్వరంలో పొద్దంతా “అమ్మా, అమ్మా” అంటూనే ఉంది, ఈమె “ఆఁ తల్లీ” అంటూనే ఉంది. చివరికి ఈమె “ఆఁ” అన్నాక మళ్లీ పిలుపు రాలేదు. తాను పలికితే పిలిచిన బిడ్డ దక్కదన్న భయం ఆనాడే లోపల కూర్చుంది. ఇది విశ్వాసం కాదని పంతులు మందలిస్తే, “దేవుని మీద నాకు విశ్వాసముంది అయ్యా, నా నోటి మీదే లేదు” అంది.

సాయంకాలాలు ఎస్తేరు మూల విరిగిన పలక ముందేసుకుని బలపంతో తన ఇల్లు గీసేది. నీళ్లలో నిలబడ్డ వెదురు గుంజలు, వాటి మీద ఇల్లు, ఓ నిచ్చెన, పడవ. వసారా అంచున కాళ్లు వేలాడేసుకుని పిల్లలు. ఆ ఇల్లు మగ్దలీనమ్మ నిద్రలోకి వచ్చి మెల్లగా ఊగేది. అక్కడ దుమ్ము లేదు. రుద్దిన పలకలన్నీ తామరాకుల్లా తేలిపోయేవి. వసారా అంచున కూర్చున్న పిల్లల్లో దయామణి కూడా ఉండేది. ఎంతసేపు చూసినా ఇటు తిరిగేది కాదు. పిలుద్దామంటే పడిపోతుందేమోనని భయం. అంతలో మెలకువొచ్చేది.

తెల్లారి అడిగేది: “పిల్లోల్లు పడరా?”

“పడరు.”

“పడితే?”

 ఎస్తేరు పలకను ఒళ్లోకి తీసుకుని వసారా అంచునే చూసేది.

ఆ రోజు మధ్యాహ్నానికే పని చాలించి ఇంటికొచ్చింది మగ్దలీనమ్మ. సీమోను ఎస్తేరు చాపచుట్ట తాడుతో బిగిస్తున్నాడు. ఆమె సజ్జ రొట్టెలు మూట కట్టింది. ఓడలో వాంతులైతే చప్పరించమని ఎండు ఉసిరికాయలు పిల్ల కొంగున ముడేసింది.

“రైల్లో కిటికీకాడ కూకోవద్దు. నిప్పురవ్వలు కంట్లో పడతాయి. ఓడలో అంచుకు పోవద్దు. ఎవురేమిచ్చినా తినొద్దు.”

“ఇంగ ఊపిరి కూడా పీల్చుకోవద్దని చెప్పరాదూ” అన్నాడు సీమోను.

ఎస్తేరు నవ్వింది. నవ్వుతూనే మగ్దలీనమ్మ చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది. గోళ్లలో మిగిలిన రాతిబురద చెంపకంటింది. తుడుచుకోలేదు.

గిద్యోను బండి తెచ్చినాడు. పిల్ల ఎక్కి కూర్చుంది. “అమ్మా, పోయొస్తా.”

మగ్దలీనమ్మ పెదవులు బిగించుకుంది. బండి కదిలింది. “అమ్మా!” మళ్లీ వినిపించింది. సీమోనే “మంచిది తల్లీ” అన్నాడు. బండి గుడి దాటి మలుపు తిరిగింది.

ఆమె లోపలికొచ్చింది. చీపురు ముట్టలేదు. మనిషి పొలిమేర దాటేదాకా ఇల్లు ఊడవరాదు. చాప తీసేసిన చోటు ఖాళీగా ఉంది. గూట్లో మూల విరిగిన పలక కనబడింది.

అదే ఇల్లు. అవే గుంజలు, అదే పడవ. కానీ వసారా చుట్టూ కొత్తగా వెదురు దడి లేచింది. పిల్లల భుజాల ఎత్తున, చెయ్యి కూడా దూరనంత దగ్గరగా. నిచ్చెన పైమెట్టు దగ్గర చిన్న తలుపు. తలుపుకు గొళ్లెం. గొళ్లెం వేసే ఉంది. బలపం ఎంత ఒత్తి గీసిందో, గీతలు రాతిలోకి దిగినట్టున్నాయి.

మగ్దలీనమ్మ ముట్టబోయి ఆగింది. చెమట చేతి తడి తగిలితే చెరిగిపోతుంది. వీధిలోకి పరిగెత్తింది.

మలుపులో దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది, ఎండకు పసుపుగా మెరుస్తూ. బండి కనబడలేదు. ఎద్దుల మెడ గంట మాత్రం వినిపిస్తోంది.

“ఆఁ తల్లీ!” అని కేకేసింది.  మళ్లీ అరిచింది. “ఆఁ! పలుకుతాండా తల్లీ, ఇంటాండావా? పలుకుతాండా!”

సీమోను గడపలో అట్లే నిలబడిపోయినాడు. దుమ్ములో గంట ఒక్క క్షణం ఆగింది. తరవాత మళ్లీ మోగుతూ సన్నబడిపోయింది.

ఆమె తిరిగొచ్చి, చేతులు కొంగుతో తుడుచుకుని, ఆరినాయో లేదో చెంపకానించి చూసుకుని, పలకను అంచులు పట్టి తీసింది. నీటికుండకు దూరంగా, పై గూట్లో నిలబెట్టింది. నీళ్ల మీది ఆ ఇంట్లో పిల్లలంతా దడి లోపలే ఉన్నారు.