పాప గంగ దాటే రోజు

వాకిలి ఊడవకముందే సారవ్వ పడవకు నీళ్ళు పోస్తుంది. నడవని పడవ నీళ్ళలో ఉండకూడదని రూలు. అందుకని దాన్ని ఒడ్డుమీదికి లాగించి గొలుసు వేయించారు. ఎండకు చెక్కలు విచ్చుకోకుండా రోజూ దాని కడుపులో బిందెలు కుమ్మరించాలి.

"గోదారిల ఉండేదానికి నేను నీళ్ళు మొయ్యవడితి" అని ఆమె గొణుగుతుంటే, మొగుడు సదయ్య బీడీ వెలిగించుకుని అవతలి ఒడ్డు చూస్తూ కూర్చుంటాడు.

అవతల వాళ్ళ బిడ్డ జమున అత్తగారి ఊరు. మొన్నటిదాకా ఆ ఊరి నుంచి బొగ్గుబాయి పనికి వచ్చేవాళ్ళు టిఫిన్ డబ్బాలతో, సైకిళ్ళతో సదయ్య పడవెక్కే ఫస్టు షిఫ్టుకు గోదావరిఖని చేరేవాళ్ళు. ఎక్కడో ఏదో చెరువులో పడవ మునిగిందని పోయిన వానకాలం అధికారులు అన్ని పడవలూ ఆపేశారు. చలికాలంలో మళ్ళీ ఒప్పుకున్నారు గాని, గాలి ఉంటే వద్దు, మబ్బు పడితే వద్దు, మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి, ఐదేళ్ళలోపు పిల్లలు అసలే ఎక్కొద్దు అన్నారు. షిఫ్టువాళ్ళు విసిగి బ్రిడ్జి మీది బస్సులకు మళ్ళారు.

జమునకు ఆడపిల్ల పుట్టింది ఆ వానకాలంలోనే, మంచిర్యాల దవాఖానలో. అటునుంచి అటే అత్తగారింటికి తీసుకుపోయారు. సారవ్వ రెండు బస్సులు మారి పోయి మనవరాలిని కాసేపు ఎత్తుకుని ఆడించి తిరిగి వస్తుంటుంది. కాని ఆ పాప ఇంకా ఈ ఇంటి గడప తొక్కలేదు. గోదావరినే గంగ అని నమ్ముకుని బతికే ఆ ఇళ్ళలో ఒక పద్ధతుంది. ఇంటి ఆడబిడ్డ కన్న తొలి పిల్లను అమ్మమ్మ ఇంటికి మొదటిసారి తాతే పడవలో దాటించాలి. నడిమధ్యలో పడవ ఆపి గోదావరి నీళ్ళతో పాదాలు తడపాలి. సదయ్య కూడా పసితనంలో అట్లా దాటినవాడే.

"బస్సుల తెమ్మను. పిల్ల బోర్ల పడుతున్నది, రేపో మాపో పారాడుతది. మనింట్ల ఒక్కనాడన్న పండుకోవద్దా?" అని సారవ్వ ఎన్నిసార్లు అడిగినా సదయ్యది ఒకటే మాట. "నేనే తెస్త."

శివరాత్రికి ముందు గాలి లేని రోజు చూసి అతను కిషన్ దగ్గరికి పోయాడు. రేవు చూసుకునే కాంట్రాక్టు నౌకరీ కిషన్‌ది. వాళ్ళ గల్లీ పిల్లవాడే. గోదావరిఖనిలో తెలంగాణ రాష్ట్రం వచ్చిందని పటాకులు కాలుస్తున్నారు.

"రాష్ట్రమచ్చింది గదరా. ఇగ నా మనవరాలిని రానియ్యి."

"ఇయ్యాల గాలున్నది కాకా."

"యాడిదిరా గాలి? నీ జుట్టు గూడ కదులుతలేదు."

"నూనె పెట్టిన." కిషన్ నవ్వి, వెంటనే తల వంచుకున్నాడు. "నువ్వొక్కనివి పోయిరా కాకా, జాకెట్ ఏసుకొని. పాపను ఎక్కిస్తే నా నౌకరి పోతది. ఐదేండ్లు నిండాలె."

"ఐదేండ్లకు నా రెక్కలు ఆడుతయార? ఇప్పుడే భుజం లేస్తలేదు." సదయ్య గొంతు పెద్దదయింది. "నలభై ఏండ్ల సంది నడుపుతున్న. ఒక్క చెప్పు గూడ మునగలే."

"నాకు తెల్వదా కాకా? చిన్నప్పుడు నీ పడవల బడికి పోలేదా?"

సదయ్య వెనకే వచ్చి నిలబడ్డ సారవ్వ ముందుకొచ్చింది.

"అంగి ఎక్కచ్చునారా?"

"ఏం అంగి చిన్నమ్మా?"

"పాప తొడుక్కున్న అంగి. దానికి గూడ జాకెట్ కావాల్నా?"

కిషన్ బుర్ర గోక్కున్నాడు. సదయ్య మాత్రం పడవ గొలుసు వైపు నడిచాడు.

ఫోనందుకుని జమున పాపతో అవతలి ఒడ్డుకొచ్చింది. పాప ఒంటిమీది అంగి విప్పి, పడవలో వచ్చిన తండ్రికిచ్చి, ఇంకోటి తొడిగి బస్సు కోసం రోడ్డుకు నడిచింది. సదయ్య నారింజ రంగు జాకెట్లో ఒక్కడే వెనక్కి వచ్చాడు. నది నడిమధ్యలో తెడ్డు ఆపడం, ఒళ్ళోని అంగి అంచును నీళ్ళలో ముంచడం సారవ్వకు ఒడ్డునుంచి కనిపించింది. ఎంతసేపటికీ అతను తెడ్డెత్తలేదు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని ఉన్నాడు.

బీడీ కాలేంత సేపట్లో దాటే నది అది. జమున బస్సులు మారి, ఆటో ఎక్కి వచ్చేసరికి పొద్దు వాలింది. అంగి దండెం మీద ఆరిపోయింది. సారవ్వ గల్లీ చివరికి ఉరికింది. సదయ్య నెమ్మదిగా వచ్చి, నిద్రపోతున్న పిల్లను అందుకున్నాడు. పాల వాసన, బస్సు దుమ్ము.

"బ్రిడ్జి మీద మెలకువున్నదా బిడ్డా?"

"లేదు నాయినా. మంచిర్యాలల పండుకున్నది, ఇంకా లేవలే."

"అంటే దాటేటప్పుడు నీళ్ళు చూడలే."

"చూడలే."

"అట్లయితే బస్సుల దాటినట్టు గాదు" అన్నాడు సదయ్య. ఇంటికి రేవు పక్కనుంచి పోయేదే దగ్గర దారి. అతను అటు తిరగలేదు. తువ్వాలతో పాప కళ్ళు కప్పి, మొఖాన్ని భుజానికి ఆనించుకుని, గోదావరి కనబడకుండా వెనక గల్లీలన్నీ చుట్టి ఇంట్లోకి తీసుకొచ్చాడు.