ఈల వేసే డబ్బా

“ఏమప్పా శంకరా, లారీ యాడ?”

పెనుకొండ దాటి మా అక్క ఊరి రోడ్డు మీద బస్సు దిగుతానే గొర్రెలు కాసే కుళ్ళాయప్ప అడిగిన మాట ఇది. ఆయన పక్కన నాలుగు పొట్టేళ్ళు. ఆయన వెనకాల చింతపండు గోనెల మీద అదే ఊరి ఈరక్క. రోడ్డు వార ముళ్ళకంప కంచె పీకేసి, లారీ పట్టేంత దోవ చేసి, చెమట తుడుచుకుంటా మా బావ దాసప్ప.

“ఏ లారీ బావా?”

“పొద్దున ఫోన్లో నువ్వే కదప్పా అంటివి, లారీ తీసుకోని వస్తాండానని. హిందూపురం మార్కెట్టుకు వీళ్ళవి గూడా ఎక్కిద్దామని పిలిచినా.”

నేనన్నది లారీ కాదు, లోరా. లోరా చూసేకి వస్తాండానన్నా, అంటే నేను చేసిచ్చిన రేడియో డబ్బా. ఆ మాట చెప్పబోతే బావ అడ్డమొచ్చినాడు. “ఏమన్నా నీ డబ్బా బ్రహ్మాండమప్పా. పొద్దున్నుంచి ఇరవై ఆరే చూపిస్తాండాది. రవ్వంత కదల్లేదు.”

నేను బస్సెక్కిందే, ఫోన్లో బావ చెప్పిన ఆ కదలని అంకె కోసం. చెప్పులోంచి కాలు కాలే మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డులో ఇరవై ఆరు డిగ్రీలంటే అది పట్టుపురుగుల షెడ్డా, ఊటీనా?

మా అక్క నాగేంద్రమ్మ పట్టుపురుగులు పెంచుతాది. ఇల్లు ఊర్లో, షెడ్డు చేని కాడ. సెల్లు టవరుకు పెనుకొండ అనే పెను కొండే అడ్డం, కాబట్టి ఫోను రోడ్డు మీద తప్ప పలకదు. పోయిన ఏసవిలో ఎండకు షెడ్డు ఉడికిపోయి పంటంతా చచ్చింది. ఈసారి గూడా పోతే మల్బరీ పెరికేసి బెంగుళూరులో కూలికి పోతానని అక్క తేల్చి చెప్పింది. హిందూపురంలో రేడియోలు రిపేరు చేసే తమ్ముడుండి ఏం లాభమని గూడా అన్నది. అందుకే రెండు డబ్బాలు చేసిచ్చినా. షెడ్డులోది వేడి కొలిచి రేడియోలో పంపుతాది. ఇంట్లోది ఆ అంకె చూపిస్తాది, వేడెక్కితే మొత్తుకుంటాది. నెట్టు లేకుండానే నెట్టుకొచ్చే యవ్వారం.

ఇంట్లో అక్క నింపాదిగా చేటలో బియ్యం చెరుగుతాండాది.

“అక్కా, షెడ్డుకు పోయినావా?”

“ఎందుకు? మొత్తుకోలేదు కదరా. మొత్తుకోకుంటే చల్లగా ఉండాదని నువ్వే చెప్తివి.”

చెప్పిన నాలిక నాదే, కరుచుకోవాల్సిందీ నాదే.

“రీచార్జి అయిపోయింటాది,” అన్నాడు గడపలోంచి కుళ్ళాయప్ప.

“దీనికి సిమ్ము లేదన్నా.”

“నెట్టు పోయింటాది. మాకూ పోయింది,” అంది ఈరక్క.

“నెట్టు ఉంటే కదా పోయేకి?”

“ఏమీ లేకుంటే ఎట్ల పని చేస్తాదప్పా?” అన్నాడు కుళ్ళాయప్ప.

నేను చేని దిక్కు పరిగెత్తినా. అందరూ నా వెనకాలే.

షెడ్డు వాకిట్లో అక్క నా రెక్క పట్టుకుంది. “బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచు.”

“పురుగులు చస్తాండాయక్కా.”

“నీ కాళ్ళ రోగానికీ చస్తాయి. ముంచు.”

ముంచి లోపలికి పోతే పొయ్యిలో తల పెట్టినట్టుండాది. పురుగులు ఆకు ముట్టకుండా తలలు అటూ ఇటూ ఆడిస్తాండాయి. డబ్బా మాత్రం కనపడదు.

“డబ్బా యాడ?”

అక్క ఇనుప బల్ల చూపించింది. దాని మీద బోర్లించిన పెద్ద అల్యూమినియం డబరా.

“నాలుగో జ్వరం లేచినాయి కదరా, పొద్దున సున్నం చల్లినాం. డబ్బాలో పొడి పడకూడదంటివి. మూసినా.”

పురుగు కుబుసం విడిచేదాన్ని ఈడ జ్వరమంటారు. నాకు మాత్రం అసలు జ్వరమే వచ్చింది. డబ్బా మీద డబరా. డబ్బా కొట్టుకున్న నేనే ఆ డబరా ఎత్తి పక్కన పెట్టినా.

“కిటికీలకు తడి గోనెలు కట్టాల. యాడుండాయి?”

ఇంట్లో ఉండేది రెండే. ఈరక్క రోడ్డుకు పోయి, చింతపండు పట్ట మీద కుమ్మరించి, గోనెలన్నీ తెచ్చింది. కుళ్ళాయప్ప, బావ బోరు కాడ నుంచి నీళ్ళు మోసినారు. గోనెలు ఆరేది, మేం తడిపేది. పొద్దు వాలేసరికి షెడ్డులో సన్న జల్లు పడినట్టు చప్పుడు మొదలైంది. పురుగులు ఆకు తింటాండాయి. అక్క కొంగుతో మొగం తుడుచుకుని, మల్బరీ కొమ్మలు ఇంకో మోపు కోసుకొచ్చేకి పోయింది.

అప్పుడు కుళ్ళాయప్ప గొంతుక్కూచున్నాడు. “ఇప్పుడన్నా చెప్పప్పా, లారీ యాడ?”

చెప్పినా. “అది లారీ కాదన్నా, లోరా. రేడియో పద్ధతి పేరు. నువ్వు గొర్రెల్ని పిలిచే ఈల లేదా, కింద నుంచి మీదికి జారేది? ఈ డబ్బా అట్లాంటి ఈలే వేస్తాది, మన చెవికి వినపడదు. ఈల యాడ మొదలైతే దాన్ని బట్టి ఒక అంకె. ఇంటి కాడి డబ్బా విని ఆ అంకె రాసుకుంటాది. మధ్యలో టవరూ లేదు, నెట్టూ లేదు. డబరా బోర్లిస్తే మాత్రం ఈల దాంట్లోనే తిరుగుతాది. ఇంట్లోదానికి కొత్త మాట అందక పొద్దుటి అంకే పట్టుకోని కూర్చుంది.”

“అయితే లారీ రాదు,” అన్నాడు బావ.

“రాదు బావా.”

“ఆ లోరా నా చింతపండు మోస్తాదా?” అంది ఈరక్క.

“అంకెలే మోస్తాదక్కా.”

“అయితే నా గోనెలు నువ్వే ఆరబెట్టి, నువ్వే నింపియ్యి. పీకిన కంచె గూడా నువ్వే కట్టు,” అంది.

నేను ముళ్ళకంప ఈడ్చుకొచ్చేకి రోడ్డు దిక్కు నడిచినా.