జయరావు మాస్టారి మైనస్ వన్

సిద్దికాకు ఆ మూడు రోజులూ కాలు ఒకచోట నిలవలేదు. చీరాలలో వాళ్ల మేడమీద గదిలో పొద్దస్తమానం మెయిలు తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం, ఇదే పని. ఎక్కడెక్కడి వాళ్లో జవాబు రాశారు. రాయాల్సిన ఒక్క మనిషి మాత్రం రాయలేదు. పోనీ ఆయన సముద్రాల అవతల ఉన్నాడా అంటే అదీ కాదు. స్కూటీ ఎక్కితే ముప్పావుగంట, పర్చూరులో ఉన్నాడు.

సంగతేమిటంటే, లాంటర్న్ అని ఒక వెబ్ సర్వర్ ఉంది. మనం ఫోన్లో ఏదైనా సైటు నొక్కితే, అవతల ఆ మాట విని పేజీ తెచ్చి చేతికిచ్చే ప్రోగ్రాం అన్నమాట. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. పది దేశాలవాళ్లు తలా ఒక చెయ్యి వేసి నడుపుకుంటారు. కోడు అందరికీ కనపడుతుంది. మార్చాలనుకున్నవాళ్లు మార్పు రాసి, అందరికీ ఒకేసారి చేరే మెయిలింగ్ లిస్టులో పెడతారు, మిగతావాళ్లు దాన్ని చీల్చి చెండాడతారు. అక్కడ జీతాలూ లేవు, మొహమాటాలూ లేవు.

మొహమాటం లేనిది వాళ్లకి. మన సిద్దికాకు నిలువెల్లా మొహమాటమే, అదీ జయరావు మాస్టారి దగ్గర. పర్చూరులో ఆమెకు కంప్యూటర్ పాఠం చెప్పింది ఆయన. పుస్తకంలో ఉన్నది పరీక్షకి, ఇది చూడమ్మా అని లాంటర్న్ కోడు తెరిచి చూపించింది ఆయన. ఆమె మొదట పంపిన మార్పుని ఎవరో కసురుకుంటే లిస్టులో ఆమె పక్కన నిలబడి వాదించిందీ ఆయనే. ఇప్పుడు మార్పుల్ని అసలు కోడులో కలిపే అధికారం ఆమెకూ వచ్చింది. వచ్చాక ఆమె తీసేద్దామన్న ముక్క ఉందే, అది రాసిందీ ఆయనే. ఖర్మ కాకపోతే ఏమిటి!

ఆ ముక్క చేసే పని ఓపిక పట్టడం. పల్లెల్లో నెట్టు నత్తనడక నడిచే రోజుల్లో రాశాడు మాస్టారు. అవతలి మనిషి చెప్పేది ఎంత నెమ్మదిగా వచ్చినా సర్వర్ విసుక్కోకుండా వినాలని. బంగారం లాంటి ఆలోచనే. కాని ఈమధ్య దొంగ వెధవలు తయారయ్యారు. వేలకొద్దీ కనెక్షన్లు తెరిచి ఒక్కో అక్షరం చొప్పున విదిలిస్తూ కూర్చుంటారు. టికెట్ కౌంటర్ దగ్గర జేబులు తడుముకుంటూ వెనక క్యూ మొత్తాన్ని ఆపేసే మనిషి ఉంటాడు చూడండి, అలాగన్నమాట. సర్వర్ పాపం వాళ్ల సోది వింటూ ఉంటుంది, అసలు జనానికి సైటు తెరుచుకోదు. ఎన్నో చిన్న సైట్లు అలా పడిపోతున్నాయి. అందుకని సిద్దికా ఒక గడియారం పెట్టింది. అర నిమిషంలో చెప్పాల్సింది చెప్పకపోతే కనెక్షన్ తెంపేయడమే.

లిస్టులో అందరూ భేష్ అన్నారు. కొత్త వెర్షన్ విడుదల చూసుకునే జర్మనీ ఆయన, గడువు దాటగానే కలిపేయమని కూడా రాశాడు. ఆ గడువు దగ్గరే వచ్చింది చిక్కంతా. లాంటర్న్‌లో ఒక కట్టుబాటు ఉంది. మార్పు పెట్టాక మూడు రోజులు ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. వద్దనుకున్నవాళ్లు మైనస్ వన్ అని రాసి కారణం చెప్పాలి. కారణం సబబుగా ఉంటే ఆ ఒక్కటి చాలు, మార్పు అక్కడే ఆగిపోతుంది. జర్మనీవాళ్లకి ఆ లెక్క సరిపోతుందేమో. మన వైపు పెద్దాయన మూగనోము పట్టాడంటే ఒప్పుకున్నట్టా? పిల్ల పెళ్లి మాటల్లో పెదనాన్న ఏమీ అనకుండా తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లాడంటే సరే అన్నట్టా? ఆ సంబంధం అక్కడితో చెడిందనే కదూ.

మూడో రోజు మధ్యాహ్నానికి సిద్దికా ఇక ఉండబట్టలేకపోయింది. సాయంత్రంతో గడువు తీరిపోతుంది. ఆయనకు ఇష్టం లేకుండా కలిపేస్తే ఆ మనిషి మొహం మళ్లీ ఎలా చూడడం? కలపకపోతే పడిపోతున్న సైట్లవాళ్లకి ఏం చెప్పడం? ఫోన్ చేసి అడిగితే నీ ఇష్టమమ్మా అంటాడు, అది ఇంకా నరకం. రంజాన్ రోజా ఉండి ఎండలో ఎక్కడికే అని తల్లి మస్తాన్‌బీ కేకలేస్తున్నా వినకుండా స్కూటీ తీసింది.

దారి పొడవునా కల్లాల్లో మిరపకాయ ఎండుతోంది. హెల్మెట్ లోపలే తుమ్ముతూ, మాస్టారితో ఏమనాలో రకరకాలుగా అనుకుని చూసింది. ఏదీ బాగాలేదు.

తలుపు తీసిన రెబ్కా, మాస్టారి భార్య, టీ పెడతానని అనబోయి నాలిక్కరుచుకుంది. ఆవిడకూ ఈస్టరు ముందు శ్రమకాలం ఉపవాసాలే, అయినా ఇంటికొచ్చినవాళ్లకి టీ ఇవ్వకపోతే ఆవిడకు తోచదు. పిల్లను లోపలికి లాగి గొంతు తగ్గించింది.

"మీ సార్‌కి ఏమైందే అమ్మాయ్? ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని కొట్టటం, చెరపటం. మళ్లీ కొట్టటం, చెరపటం. అన్నం పెడితే ఎటో చూస్తా తింటన్నారు. పలకరిస్తే ఊఁ అంటే ఊఁ."

సిద్దికా అనుకున్నంతా అయింది, ఆయనకు కోపమే వచ్చింది.

వరండాలో మాస్టారు ఆమెను చూస్తూనే లాప్‌టాప్ టప్పున మూశాడు. అమ్మ ఎలా ఉందన్నాడు, తమ్ముడు బాషా మిరపకాయకి ధర పలికిందా అన్నాడు, చీరాలలో ఎండలెలా ఉన్నాయన్నాడు. లాంటర్న్ తప్ప లోకంలో ఉన్నవన్నీ అడిగాడు. సిద్దికా అన్నిటికీ జవాబు చెప్పి, ఇక ఓర్చుకోలేక అనేసింది.

"సార్, కోపమొస్తే తిట్టండి. ఇట్టా మాట్లాడకుండా ఉంటే నేను తట్టుకోలేను."

"కోపమా? నీ మీదా?" మాస్టారు తెల్లబోయాడు.

ఆ తర్వాత ఒక్కొక్క మాటే బయటికొచ్చింది. ఆమె మార్పు చూసిన రోజే ఆయన దాన్ని తన ఇంట్లో సర్వర్‌కి పెట్టుకున్నాడట. ఫోన్ పట్టుకుని ఊరి చివర రైతు ఆదెయ్య కల్లానికి పోయాడట. అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టుంటుంది. ఎండిన కాయ ఫొటో తీసి పంపితే, ప్రతిసారీ సగంలో అర నిమిషం నిండి తెగిపోయిందట. గుంటూరు మిర్చి యార్డుకి పోకముందే ధర తెలుసుకుందామని రైతులు లాంటర్న్ మీద నడిచే సైట్లకి ఫొటోలు పంపేది అలాంటి కల్లాల్లోంచే మరి. మంచి లైన్లున్న ఊళ్లలో కూర్చున్నవాళ్లకి అది తట్టలేదు. చీరాల నడిబొడ్డున కూర్చున్న సిద్దికాకూ తట్టలేదు.

"మరి లిస్టులో రాయలేదేం సార్?"

"నేను వద్దంటే నువ్వు తీసేస్తావమ్మా. తప్పని తెలిసి కాదు, నేనన్నానని. పైగా అది నా కోడు. ముసలాడు తన ముక్క పట్టుకుని వేలాడుతున్నాడంటారు. నీ పేరు మీద వచ్చే మొదటి పెద్ద మార్పు, నా చేత్తో ఎట్టా ఆపను?"

సిద్దికాకు ముందు మనసు కరిగిపోయింది. వెంటనే ఒళ్లు మండింది. ఇంత ప్రేమా, ఇంత అన్యాయమా?

"అయితే రైతుల ఫొటోలు తెగిపోయినా ఫర్లేదు, నా మనసు నొచ్చుకోకూడదా? మీరు అందర్నీ కాదంటారు సార్, నన్ను తప్ప. అంటే నేనింకా మీ క్లాసులో పిల్లనేగా. నాకు మీ దయ వద్దు, మీ మైనస్ వన్ కావాలి."

ఆయన ముందు గొంతు పెంచడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మాస్టారు లాప్‌టాప్ తెరిచాడు, చెరపకుండా కొట్టాడు, పంపేశాడు.

ఎదురుగా కూర్చునే సిద్దికా తన ఫోన్లో చదువుకుంది. మైనస్ వన్. కింద కారణం, కల్లంలో చూసిన సంగతంతా. దాని కింద ఆయన చెప్పిన మందు: ఎంతోకొంత వస్తూ ఉన్నంతసేపు తెంపొద్దు. ఎక్కడా ఒక్క తీపి మాట లేదు. ఇన్నేళ్లూ ఆమె రాసిన ప్రతిదాని కింద మెచ్చుకోలే పెట్టిన మనిషి, మొదటిసారి మిగతావాళ్లకి రాసినట్టే రాశాడు. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మార్పు ఆగిపోయింది, అయినా ఇంత సంతోషం ఆమెకు ఈమధ్య కాలంలో లేదు.

కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ చదివితే, ఏదో తేడాగా తోచింది. కారణం నిజమే, మందే తప్పు. ఎంతోకొంత వస్తే చాలంటే, ఒక్కో అక్షరం విదిలించే దొంగా దర్జాగా కూర్చుంటాడు కదా. మాస్టారు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. అలాగే సార్ అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికో ఆ మాట అనడం. ఇద్దరూ హాయిగా నవ్వుకుని లేవొచ్చు.

ఆ మాట మింగేసి లిస్టులోనే జవాబు రాసింది. మీ కారణం ఒప్పుకుంటున్నాను, మీ మందుకి నా మైనస్ వన్. వస్తోందా లేదా అని కాదు, ఎంత వేగంగా వస్తోందో చూడాలి. కల్లంలో రైతు పంపే వేగానికి ఆగుదాం, అంతకన్నా తగ్గితే తెంపేద్దాం అని, సెకనుకి ఇన్ని అక్షరాలని ఒక లెక్క కూడా వేసింది.

మాస్టారు చదివాడు. కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ చదివాడు.

"రెబ్కా, ఇట్టా రా ఒకసారి." ఆయన నవ్వుతూ లాప్‌టాప్ వంటింటి వైపు తిప్పాడు. "చూడు, నన్ను కాదంటోంది. లిస్టులో, అందరి ముందూ కాదంటోంది."

రెబ్కా చేతులు తుడుచుకుంటూ వచ్చేలోపే, ఆ వేగం లెక్క మరీ ఎక్కువ పెట్టావని ఆయన మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.