రెండో బ్రేకు

శిక్షణ బస్సులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నడిపేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. మనం తప్పు చేస్తే వాళ్ళు తొక్కేస్తారు, బతికిపోయామనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఇది జరిగిన రోజుకి మర్నాడే నాకు పరీక్ష. అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే శిక్షణలోంచి పేరు కొట్టేస్తారు, మళ్ళీ డిపోలో బస్సులు కడగడానికి పోవాలి. కడగడం నామోషీ అని కాదు. ఏళ్ళ తరబడి బయటినుంచి తుడిచిన అద్దంలోంచి లోపల కూర్చుని రోడ్డు చూడాలన్నది నా పంతం. "నీకెందుకే ఈ వయసులో" అన్న మా అక్క నోరు మూయించాలన్నది ఇంకో పంతం.

చదును రోడ్డు మీద నాకు వంక పెట్టేవాళ్ళు లేరు. డిపో వెనక కట్టిన ర్యాంపు దగ్గరే ప్రాణం మీదికొచ్చేది. సగం ఎక్కాక బస్సు ఆపాలి, వెనక్కి మరీ జారిపోకుండా మళ్ళీ కదిలించాలి. ర్యాంపు కింద మరమ్మతుల షెడ్డు గోడ. ఒకప్పుడెవరో ఆ గోడను బస్సుతో గుద్దారు. ఆ రోజే వాళ్ళకు నేర్పినాయన్ని ఇంటికి పంపేశారట.

నాకు మొదట నేర్పినాయన్ని అందరూ ఉరుములాయన అనేవాళ్ళు. తప్పు జరగబోతోందని అనుమానమొస్తే చాలు, ధడేలున బ్రేకు తొక్కి "కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది బిగుసుకుపోవడం. పరీక్ష తప్పాక నన్ను నత్త మాస్టారికి అప్పజెప్పారు. ఉద్యోగమంతా బస్సును నిదానంగా నడిపినందుకు ఆయనకా పేరు. ఈయన అరవరు. నాకేమో అరవని మనిషంటే మరీ చిరాకు, ఏమనుకుంటున్నారో తెలిసి చావదు.

ఆ సాయంత్రం ర్యాంపు మీద ఇంజన్ మళ్ళీ ఆగిపోయింది. సీట్లలో ప్రయాణికులకు బదులు ఇసుక బస్తాలున్నాయి. అవి కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

"ఇంకోసారి," అన్నారు మాస్టారు. ఇంకోసారీ ఆగింది.

"సరే, కిందికి దించి చదును మీద ఓ చుట్టు తిప్పు."

తిప్పుతుండగా, ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఆయన బూటుతో టక్కున తన్నారు. బ్రేకును కాదు, ఉత్త నేలను. నా కాళ్ళు రెండూ పెడళ్ళ మీంచి లేచిపోయాయి.

మాస్టారు బస్సు పక్కకు ఆపించారు. "కాళ్ళెందుకు తీశావమ్మా?"

"మీరు బ్రేకు తొక్కారనుకున్నా."

"నేను తొక్కితే నువ్వు వదిలేస్తావా?"

అప్పుడర్థమైంది. ఉరుములాయన బూటు చప్పుడైందంటే నా పని అయిపోయినట్టే. ఇక బస్సు ఆయనది, తిట్లు నావి. ర్యాంపు మీద నేను ఇంజన్ మోత వినడమే లేదు, పక్కనున్న బూటు కదిలిందా అని వింటున్నాను. మాస్టారు కాలు కాస్త సర్దుకున్నా క్లచ్ వదిలేస్తున్నాను, ఇంజన్ ఆగిపోతోంది. సిగ్గుతో చెవులు మండాయి.

మాస్టారు మళ్ళీ ర్యాంపు ఎక్కించి సగంలో ఆపించారు. ఆపాక బూట్లు విప్పి, కాళ్ళు పైకి తీసుకుని, భోజనానికి కూర్చున్నట్టు సీటు మీద బాసింపట్టు వేసుకున్నారు.

"ఏంటిది మాస్టారూ! కాళ్ళు కింద పెట్టండి."

"రేపు నీ పక్కన కూర్చునేది నేను కాదు కదా. ఊఁ, కానీ."

"వెనక గోడుంది!"

"నాకూ కనపడుతోంది. జారితే జారనీ. ఆపడానికి టైముంటుంది."

హ్యాండ్‌బ్రేక్ వదిలాను. క్లచ్ ఇంకా పట్టుకోలేదు. బస్సు వెనక్కి జారింది. సీట్లన్నీ కిర్రుమన్నాయి, అద్దంలో గోడ పెద్దదవుతోంది.

"తొక్కండి మాస్టారూ!"

"బ్రేకు ఎవరి దగ్గరుంది?"

"మాస్టారూ!"

"ఎవరి దగ్గరుందమ్మా?" ఆయన గొంతు కొంచెం కూడా పెరగలేదు.

"నా దగ్గర!" అని అరిచాను. అరుస్తూనే తొక్కాను.

బస్సు పెద్ద కుదుపుతో ఆగింది. అద్దం నిండా గోడే.

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

"జారింది."

"తర్వాత?"

"ఆగింది."

"దానంతటదే ఆగిందా?"

నాకు ఒళ్ళు మండింది. "నేనాపాను!"

"అదీ. అక్కణ్ణించే మొదలుపెట్టు."

ఈసారి విన్నాను. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఇంజన్ మోత బరువెక్కింది, బస్సు ముందుభాగం కాస్త పైకి లేచింది. అప్పుడు బ్రేకు వదిలాను. గోడ వెనక్కి పోయింది.

పైకి చేరాక చూస్తే మాస్టారి చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. బూటు లేసు కట్టుకోబోతే ముడి పడట్లేదు. నాకు పట్టలేనంత కోపమొచ్చింది.

"గోడకి తగిలుంటే మీ ఉద్యోగం పోయేది, తెలుసా?"

"తెలుసు."

"నేను ఆపగలనని కూడా తెలుసా?"

"తెలీదమ్మా. ఆపుతావని నమ్మాను." లేసు ముడి జారిపోయింది. "నమ్మినంత మాత్రాన భయం పోతుందా ఏంటి?"

ఏడుపొచ్చేసింది. నా మీద అరిచినవాళ్ళే గానీ, అంత భయాన్నీ నాకోసం నోట్లోనే నొక్కిపెట్టుకున్నవాళ్ళు అంతవరకూ లేరు.

మర్నాడు పక్క సీట్లో పరీక్షాధికారి. ర్యాంపు సగంలో బస్సు కాస్త వెనక్కి జారింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆయన బూటు కదిలిందో లేదో మాత్రం నాకు తెలీదు. బ్రేకు తొక్కి ఆపాను, మోత బరువెక్కేదాకా ఆగాను, పైకెక్కించాను.

"జారింది," అన్నాడాయన, కాగితం మీద పెన్ను పెట్టి.

"జారింది. ఆపాను."

నా మొహంలోకి ఓసారి చూసి, పాస్ అని రాసి సంతకం పెట్టాడు.

ఆయన్ని దించేశాక గుర్తొచ్చింది, పొద్దుట్నుంచీ మాస్టారి కోసం ఒక్కసారి కూడా వెతకలేదని. చూస్తే గేటు దగ్గర ర్యాంపుకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. తిరిగి చూసే ధైర్యం లేదు కాబోలు. బస్సు ఆయన దాకా తెచ్చి హారన్ కొట్టాను. ఉలిక్కిపడి తిరిగారు. నా మొహం చూశాక ఫలితం అడగలేదు. అలవాటు కొద్దీ తన సీటున్న ముందు తలుపు వైపు రాబోతుంటే వెనక తలుపు తెరిచాను.

"ప్రయాణికుల వైపు ఎక్కండి మాస్టారూ," అన్నాను.

ఆయన ఎక్కి, ఓ ఇసుక బస్తాను పక్కకు జరిపి కూర్చున్నారు.