అంకిత పేరు దాటిన మోత

పంపులకు సాఫ్ట్‌వేర్ రాసే శ్రీకాంత్ బల్ల మీద రెండు సిరంజి పంపులు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి తెర మీదా సాఫ్ట్‌వేర్ నంబరు ఒక్కటే, 2.4.1. మందు పోయే గొట్టం ఎక్కడైనా మూసుకుపోతే పంపు గట్టిగా అరవాలి. ఆస్పత్రిలో దాన్ని నమ్ముకునేదే అందుకు. రెండు గొట్టాలనూ క్లిప్పులతో నొక్కి చూశాడు. ఎడమది ఆరు సెకన్లకు అరిచింది, కుడిది తొమ్మిదికి. మళ్లీ చేశాడు. ఆరు, తొమ్మిది. కిందికెళ్లి టీ తాగొచ్చి మళ్లీ చేశాడు. టీ తాగితే పంపులో ఏం మారుతుందనుకున్నాడో అతనికే తెలియాలి. ఆరు, తొమ్మిది.

పది సెకన్ల లోపు అరిస్తే పాస్ అని పరీక్ష కాగితంలో ఉంది. ఆ లెక్కన రెండూ పాసే. ఇంకొకడైతే చేతులు దులుపుకుని వెళ్లిపోయేవాడు. శ్రీకాంత్‌కు ఆ వీలు లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ జరగలేదని బుధవారం నాడు తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం వల్ల ఒక మనిషి పని పోయేలా ఉంది. ఇవాళ శుక్రవారం.

ఆ మనిషి ధనలక్ష్మి. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో ఈ కంపెనీ షెడ్డు లేచిన ఏడాదే కాంట్రాక్టరు మనిషిగా చేరింది. అంతకు ముందు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర పత్తి చేలల్లో కూలికి పోయేది. లైనులో చివరి బల్ల ఆమెది. తయారైన ప్రతి పంపునూ పరీక్షించి పచ్చ చీటీయో ఎర్ర చీటీయో కట్టడం ఆమె పని. స్టాప్‌వాచీ ఇచ్చారు గానీ దాన్ని నమ్మదు. గొట్టం నొక్కి, ఇంటివాళ్ల పేర్లు వరసగా అనుకుంటుంది. ఆగమ్మ, పెద్దరాములు, అంటే అత్తామామలు. తరువాత ‘ఆయన’, మొగుడి పేరు నోట పలకదు కాబట్టి. ఆడబిడ్డ బీరమ్మ. కొడుకు వెంకట సాయి. చివరికి కూతురు అంకిత. అంకిత పేరు దగ్గర పంపు అరవాలి. ఏళ్ల తరబడి అక్కడే అరిచింది. ఈ పద్ధతి తెలిసిన రోజు లైను సూపర్‌వైజరు జైపాల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి వదిలేశాడు, ఎందుకంటే ఆమె పచ్చ చీటీ కట్టిన పంపు ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

మంగళవారం ఆమె ఎర్ర చీటీలు కట్టడం మొదలుపెట్టింది. బుధవారం మధ్యాహ్నానికి అరవై పంపులు పక్కకు చేరాయి. జైపాల్ ఆమెను వెంటబెట్టుకుని శ్రీకాంత్ బల్ల దగ్గరికొచ్చాడు.

“తొమ్మిది సెకన్లకు మోగుతుంది శ్రీకాంత్. పదిలోపే గదా? పాస్ చెయ్యమంటే చేస్తలేదు.”

“పాసే సార్, నేను కాదంటలేను,” అంది ధనలక్ష్మి. “గని గిది మొన్నటి పంపు గాదు. అంకిత పేరు దాటినంక మోగుతుంది. లోపల ఏదో మారింది. జెర సూడుండ్రి.”

శ్రీకాంత్ చూశాడు. అతను చూడలేదని ఎవరూ అనలేరు. పంపు కోడ్ చరిత్ర తెరిచాడు, ఇరవై మూడు రోజులుగా ఏ మనిషీ చెయ్యి పెట్టలేదు. తన లాప్‌టాప్‌లో తాజా కోడ్ దింపుకుని, బిల్డ్ చేసి, అంటే పంపులో నడిచే రూపానికి మార్చి, తన బల్ల మీది పంపులో ఎక్కించి మోగించాడు. ఆరు సెకన్లు.

“ఏం మారలేదక్కా. నువ్వు లెక్క తప్పుతున్నవేమో. ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉన్నదా?”

ఆమె పంపు వైపు, అతని మొహం వైపు చూసింది. “మీరు సదువుకున్నోళ్లు సార్,” అని ఊరుకుంది. జైపాల్ ఒక కాగితం రాయమన్నాడు. శ్రీకాంత్ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాశాడు. కింద ఆమె చేత సంతకం పెట్టించారు. గురువారం ఆమెను ప్యాకింగ్‌కు పంపేశారు. శనివారం కాంట్రాక్టరు కొత్త జాబితా వేస్తాడు. ఫైలులో ఇలాంటి కాగితం ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉండవు. అది షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే.

అంతా సర్దుకుని ఉండేదే. కానీ ఆమె పక్కన పెట్టిన పంపుల్లో ఒకటి శ్రీకాంత్ బల్ల మీదే ఉండిపోయింది. ఈ ఉదయం ఊరికే చేతికి దొరికి, ఊరికే నొక్కాడు. తొమ్మిది. ఆ క్షణం నుంచి అతని బుర్ర పని చేయడం మానేసింది.

మొదట పంపు మీద అనుమానపడ్డాడు. లైను నుంచి వచ్చిన పంపులో తన లాప్‌టాప్ బిల్డ్ ఎక్కించాడు. ఆరుకు అరిచింది. అయితే పంపు మంచిదే. తన పంపులో బిల్డ్ సర్వరు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు, లైనులో ఎక్కించేది అదే. తొమ్మిదికి అరిచింది. అంటే తేడా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కానీ సర్వరూ తన లాప్‌టాపూ దింపుకునేది ఒకే కోడ్! రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫైలు ఫైలూ పోల్చాడు. కామా కూడా తేడా లేదు. ఒకే కోడ్ ఒకచోట ఆరు సెకన్లు, ఇంకోచోట తొమ్మిది సెకన్లు ఎలా అవుతుంది? కంప్యూటర్లు అబద్ధమాడవని కాలేజీలో నేర్పిన మాస్టారు ఎదురుపడితే గల్లా పట్టుకునేవాడే. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. సర్వరును ఆపి మళ్లీ పెట్టాడు. ఏమీ మారలేదు, భయం మాత్రం పెరిగింది.

గొట్టంలో ఒత్తిడిని కొలిచే కోడ్ మాత్రం వాళ్లది కాదు. అది తెల్లాపూర్ ఆఫీసులో నిషిత బృందం రాసి తమ రిపాజిటరీలో, అంటే కోడ్ గిడ్డంగిలో, పెడుతుంది, కంపెనీ పరికరాలన్నీ దాన్నే వాడుకుంటాయి. ఆమెకు ఫోన్ చేశాడు.

“ఆ, మార్చినం,” అంది నిషిత. “పోయిన శనివారం. పేషెంట్ మానిటర్‌ల రీడింగ్ ఊగుతుందంటే నాలుగు రీడింగుల సగటు తీసేది ఎనిమిదికి పెంచినం. గని అది మా రిపాజిటరీల. మీకు కావాలంటేనే గదా తీసుకునేది?”

శ్రీకాంత్ కుర్చీలో ముందుకు జరిగాడు. రీడింగులు రెట్టింపైతే మోత ఆలస్యమవుతుంది, సరిగ్గా సరిపోయింది. వెంటనే తన లాప్‌టాప్‌లో ఆ ఫోల్డరు తెరిచాడు. నాలుగు. పాతదే ఉంది.

“నేను తీసుకోలే నిషితా. నా దగ్గర నాలుగే ఉంది.”

“మరింకేంది? నీ పంపు నీ ఇష్టం,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

దొరికిన దొంగ చేతిలోంచి జారిపోయినట్టయింది. ఇక తోచక, ధనలక్ష్మినే అడుగుదామని ప్యాకింగ్‌కు నడిచాడు. మంగళవారం ఏం చేసింది, ఏ పంపుతో మొదలైంది, ఏదో ఒకటి. నిజానికి ఆమె తప్పే అయితే బాగుండునని అతనికి లోపల ఒక మూల కోరిక ఉంది. అది అతనికి తెలుసు, సిగ్గుగానూ ఉంది.

పొడుగు బల్ల చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లు డబ్బాలు కడుతున్నారు. ధనలక్ష్మి పంపు, వైరు, వాడే విధానం చెప్పే కరపత్రం డబ్బాలో పెట్టి టేపు వేస్తోంది. అతన్ని చూసి లేచింది.

“ఎట్లున్నదక్కా పని?”

“మంచిగనే ఉన్నది సార్. గివి నేను పక్కకు పెట్టిన పంపులే. నా ఎర్ర చీటీలు పీకి, డబ్బాల పెట్టుమని నాకే ఇచ్చిన్రు.” ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. లేకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఒక డబ్బాలోని కరపత్రం తీశాడు. రంగు మారి ఉంది. “ఇదేంది, కొత్తదా? ఎప్పుడు మార్చిన్రు?”

“నాకేమెర్క సార్? మాకు చీటీ ఇస్తరు,” అని గోడకు అంటించిన ప్యాకింగ్ చీటీ చూపించింది. “గీ చీటీల కరపత్రం ఉండదు గదా, ఏడో అర, ఫలానా నంబర్ అని ఉంటది గంతే. మేం గా అరల నుంచి తెచ్చి ఏస్తం. పొద్దుగాల మేం రాకముందే ఎవరో వచ్చి, అరల కొత్తది ఏదుంటే దాని నంబర్ చీటీ మీద దిద్దిపోతరు. చీటీ ఎప్పటి చీటీనే, లోపలి కాయిదమే మారుతది. నిన్నటి కట్ట నా ముంగట మిగిలి ఉంటే పాతదే ఏసుకుంట పోత, నాకు తెల్వది.”

శ్రీకాంత్ ఆ చీటీ ముందు నిలబడిపోయాడు. పొద్దున ఎవరూ రాకముందే ఎవరో వచ్చి నంబరు దిద్దిపోతారు. తన పంపు దగ్గరికి కూడా అలా వచ్చేవాడు ఒకడున్నాడు. వాణ్ణి పెట్టింది తనే.

పది నెలల కిందటి మాట. నిషిత వాళ్ల కోడ్ తన పంపు కోడ్‌లో సబ్‌మాడ్యూల్‌గా ముడిపడి ఉంటుంది. అంటే ఆ కోడ్ ఇందులో ఉండదు, ఎక్కడుందో చెప్పే చిరునామా, అందులో ఏనాటి రూపం కావాలో చెప్పే ఒక నంబరు మాత్రమే ఉంటాయి. నంబరు మార్చడం మరిచిపోయి రెండుసార్లు మాట పడ్డాడు. విసిగిపోయి చిన్న రోబోను రాశాడు. ఆదివారం తప్ప రోజూ ఉదయం ఆరింటికి అది తెల్లాపూర్ రిపాజిటరీ చూసి, కొత్తది ఉంటే నంబరు దిద్దేసి, బిల్డ్ చేసేస్తుంది. మేనేజరు మెచ్చుకుని అందరి ముందూ మిఠాయి డబ్బా ఇచ్చాడు. రోబో పంపే మెయిళ్లు విసుగు పుట్టించి వాటినొక ఫోల్డరులోకి మళ్లించాడు. చరిత్రలో దాని వరసలు అడ్డొస్తున్నాయని అవి కనపడకుండా చేశాడు. ఆ తర్వాత దాన్ని మరిచాడు.

పరుగెత్తాడు. జైపాల్ “ఏమైంది?” అంటున్నా ఆగలేదు. చరిత్రలో దాచిన వరసలు తెరిచాడు. సోమవారం, ఉదయం ఆరు: ‘సబ్‌మాడ్యూల్ నవీకరించబడింది’. ఒకే ఒక్క మార్పు, ఒక నంబరు. సర్వరు ప్రతిసారీ అంతా కొత్తగా దింపుకుంటుంది, కాబట్టి దానికి కొత్త కోడ్ అందింది. తన లాప్‌టాప్‌లో మామూలుగా దింపుకుంటే బయటి కోడ్ తాజా అవుతుంది గానీ సబ్‌మాడ్యూల్ ఫోల్డరు ఉన్నచోటే ఉంటుంది. దానికి వేరే ఆజ్ఞ ఇవ్వాలి. ఇవ్వలేదని, కోడ్ చరిత్ర రాసిపెట్టే గిట్ రోజూ ఎర్రటి వరసలో చెబుతూనే ఉంది. నెలల తరబడి ఆ ఎర్ర వరసను చూస్తూనే, చూడకుండా ఉన్నాడు. ఫైళ్లన్నీ పోల్చినవాడు సర్వరు మీది ఆ ఒక్క ఫోల్డరు లోపలికి మాత్రం వెళ్లలేదు, అది తమది కాదు కదా అని.

అప్పుడింకో సంగతి తట్టింది. పరీక్ష చేసేది మామూలు వేగంలో. పురిటి బిడ్డలకు మందు చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు. పంపును ఆ వేగంలో పెట్టి గొట్టం నొక్కాడు. అరనిమిషంలో అరవాలి. అరనిమిషం దాటింది. ఒక నిమిషం దాటింది. నిమిషం మీద పది సెకన్లకు అరిచింది.

పంపులను తీసుకెళ్లే లారీ ఇంకా రాలేదు. డబ్బాలన్నీ ఆపించాడు. జైపాల్‌ను కూచోబెట్టి రెండుసార్లు చెప్పాడు. జైపాల్‌కు సబ్‌మాడ్యూల్ అర్థం కాలేదు గానీ పురిటి బిడ్డ సంగతి అర్థమైంది.

“సరే, మొన్నటి కాయిదం వాపస్ తీసుకుంట అని రాయి. సిస్టం ప్రాబ్లం అని రాస్తే చాలు. నీ పేరెందుకు నడుమల?”

శ్రీకాంత్ అలాగే రాశాడు. రాసింది తీసుకుని ఇద్దరూ ప్యాకింగ్‌కు వెళ్లారు. ఆమె సంతకం కావాలి మరి. ధనలక్ష్మి చేతులు తుడుచుకుని పెన్ను అందుకుంది, కానీ పెట్టలేదు.

“ఏమున్నది సార్ ఇండ్ల? తెలుగుల చెప్పుండ్రి.”

“సాఫ్ట్‌వేర్ మారిందని, నీ లెక్కే కరెక్టని. తప్పు సిస్టంది అని.”

“సిస్టం అంటే ఎవలు సార్?”

జైపాల్ ఏదో చెప్పబోయాడు. శ్రీకాంత్ కాగితం వెనక్కి తీసుకుని, ఆ మాట కొట్టేసి, దాని పైన తన పేరు రాశాడు. “నేనక్కా. నేను పెట్టినదే మార్చింది. అది ఏం తెచ్చిందో నేను చూడలే.”

ఆమె తల ఊపింది. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. “మొన్నటిది గూడ జెర చదువుండ్రి. దాని కింద గూడ నా సంతకం ఉన్నది గదా.”

ఆ కాగితం జైపాల్ చేతిలోని ఫైలులోనే ఉంది. బల్ల చుట్టూ టేపు వేసే చప్పుడు ఆగిపోయింది. శ్రీకాంత్ తను రాసిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలనూ ఒక్కొక్కటే తెలుగులో చదివాడు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ లేదు. టెస్టర్ చెప్పిన పద్ధతి పాటించడం లేదు. ఆమె వినికిడి మీద, మతి మీద అనుమానం ఉంది. అక్కడ ఆగాడు.

“ఆగకుండ్రి సార్.”

“ఈ మనిషి ఈ పనికి పనికిరాదు.”

ధనలక్ష్మి ఆ కాగితం అడుగున, తెలుగు అక్షరాల్లో పొందికగా ఉన్న తన పేరు మీద వేలు పెట్టింది.

“గీ మాట కింద నేనే సంతకం పెట్టిన్నా సార్?”

“పెట్టించింది నేనక్కా,” అన్నాడు శ్రీకాంత్.