పది నోళ్లలో మొగులయ్య

చెప్పండి, ఏం చూశారు మీరు? డెబ్బై ఎనిమిదిలో కంచన్‌బాగ్ బస్సులో రోజూ పొద్దున పోయినవాళ్లే కదా. బార్కస్ వైపు మలుపు దగ్గర రేకుల షెడ్డు ఉండేది. దాని వాకిట్లో పదకొండు మంది మొగవాళ్లు బుగ్గలు ఉబ్బించుకొని నిలబడేవాళ్లు. పంటినొప్పి అనుకున్నారా? పాన్ అనుకున్నారా? చూశామని ఊరికే అనకండి. కిటికీలోంచి కన్ను పడితే చూసినట్టు కాదు.

అవి నీళ్లు. ఆ షెడ్డులో ఇనుప గొట్టాలను యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు వదిలించేవాళ్లు. తొట్టి మీద లేచే పొగకు పళ్లు సుద్దముక్కల్లా అరిగిపోయేవి. అందుకని పుక్కిట నీళ్లు పట్టి లోపలికి పోవడం, గొట్టాలు ముంచి లేపడం, బయటికొచ్చి కాలవలో ఉమ్మెయ్యడం. ఆ నీళ్లు పొరపాటున మింగితే రెండు రోజులు కడుపు మండేది. పొగంతా వాటిలోకే దిగేది మరి.

వాళ్ల బస్తీలో దీనికి ఎదురు పద్ధతి ఒకటుండేది. శనివారం సాయంత్రం ఆ పదకొండు మందిలో ఒకడైన మొగులయ్య ఇంటిముందు కూర్చునేవాళ్లు. గుడికి పోయేవాళ్లూ చర్చికి పోయేవాళ్లూ ఒకే చాప మీద. ఎవరికైనా చెప్పుకోవలసిన మాట ఉంటే చెప్పాలి. మొగులయ్య భార్య ఆగమ్మ రాగి చెంబు తిప్పేది. వినేవాళ్లు తలా ఒక పుక్కిలి పట్టాలి. ఒక్కరు పట్టకపోయినా చెప్పడం మొదలుకాదు. నోట్లో నీళ్లుంటే ఎవడూ అడ్డం రాలేడు, "నాకు గుడ గట్లనే అయ్యింది" అని తన ముచ్చట ఎత్తుకోలేడు. చెప్పేవాళ్లది అయిపోయాక నీళ్లు మింగాలి. అట్లా కడదాకా విని మింగినవాళ్ల లోపల, చెప్పినవాళ్ల గొంతు ఉండిపోయేది. ఆగమ్మ జొన్నపిండి తడుపుతుంటే, చచ్చి మూడేళ్లైన అత్త ఆమె నోట్లోంచే, "నీళ్లెక్కువ పోసినవ్, నీ చేతులిరుగ" అని తిట్టేది. "సరే తియ్ అత్తా" అని ఆగమ్మ ఇంకో గుప్పెడు పిండి వేసుకునేది. అంతే.

ఆ యేడు శ్రావణంలో, ఆ పదకొండు మందిలోనే ఒకడు, ఇశ్రాయేలు, తొట్టిలో పడి చనిపోయాడు.

షెడ్డు మేస్త్రీ కృష్ణయ్య, ఇశ్రాయేలు పదహారేళ్లు ఒకే సైకిల్ మీద పనికి పోయినవాళ్లు. ఇశ్రాయేలు పోయిన దినం నుంచి కృష్ణయ్య అన్నం ఎడమ చేత్తో తింటున్నాడు. ఎందుకంటే, పొగను బయటికి లాగే ఫ్యాన్‌ను ఆపింది ఆయన కుడి చెయ్యి. ఆ రోజు ఎవరో పెద్దమనుషులు సరుకు చూడడానికి వస్తున్నారు. పొగ రోడ్డు మీద కనిపించొద్దని షెడ్డు యజమాని వెంకటనారాయణ సేటు, "ఫ్యాన్ బంద్ చెయ్ కృష్ణయ్యా" అన్నాడు. లోపల ఇశ్రాయేలు ఉన్నాడని కృష్ణయ్యకు తెలుసు. పావుగంటే కదా అనుకున్నాడు. ఆ మాట విన్నవాడు, ఆ చెయ్యిని చూసినవాడు మొగులయ్య ఒక్కడే. తొట్టిలోకి వంగి ఇశ్రాయేలును లాగింది కూడా మొగులయ్యే. పొగకు ఆయన గొంతు లోపలంతా కాలిపోయింది.

సేటు ఒక కాగితం రాయించాడు. ఇశ్రాయేలు మూర్ఛ వచ్చి పడ్డాడని అందులో ఉంది. అందరూ వేలిముద్ర వెయ్యాలి, లేకపోతే షెడ్డుకు తాళం.

శనివారం మొగులయ్య షెడ్డువాళ్లను మాత్రమే పిలిపించాడు. ఇశ్రాయేలు భార్య రాహేలును కూడా. చెంబు తిరగక ముందే బాలకిషన్ అందుకున్నాడు.

"సేటు తాళం ఏస్తనంటుండు. ఏస్తే మనం ఏం తినాలె మొగులన్నా, రేకులా?"

"నీది చెప్పుకో తమ్మీ. మేం వింటం," అంది ఆగమ్మ.

ముందు బాలకిషన్ భయాన్నే విన్నారు, నిండు బుగ్గలతో. అద్దె ఇల్లు, ముసలి తల్లి, ఇంకో పని దొరకదన్న భయం. చెప్పి చెప్పి వాడే చల్లబడ్డాడు. తర్వాత మొగులయ్య గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మాట మాటకూ దగ్గు, దగ్గు దగ్గుకూ నెత్తురు.

"ఫ్యాన్ బంద్ చెయ్యుమని సేటే అన్నడు. నా చెవులతోని విన్న. ఒక చెయ్యి పోయి స్విచ్ మీద పడ్డది. ఇశ్రాయేలు పొగలకెల్లి నా పేరు పెట్టి పిలిచిండు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. కృష్ణయ్య వైపు చూడలేదు. "ఆ చెయ్యి ఎవరిదంటరా? అది నేను చెప్పే ముచ్చట కాదు. ఆ చెయ్యున్నోడే చెప్పాలె."

ఎనిమిది మంది పనివాళ్లు, ఆగమ్మ, రాహేలు గుటక వేశారు. కృష్ణయ్య లేచి గోడవతలికి పోయి ఉమ్మేశాడు.

"ఏందన్నా, షెడ్డు అనుకున్నవా?" బాలకిషన్ నవ్వాడు.

"అలవాటు రా," అన్నాడు కృష్ణయ్య. నిజంగా అలవాటేనేమో. నోరు తనంతట తాను ఆ పని చేసేసింది. ఆయనకు కూడా తెలియదు.

"ఫికర్ చెయ్యకు. పదిమందిమి మింగినం కదా," అన్నాడు బాలకిషన్.

కాగితం మీద ముద్ర వేసేదా, లేబర్ ఆఫీసరు దగ్గరికి పోయేదా అని ఆగమ్మ చేతులు లేపమంది. ఆఫీసరు దగ్గరికే అని ముందు ఐదు చేతులు లేచాయి. మరి కొన్ని ఆలోచించి లేచాయి. చివరికి, "నా భయం మీరంత మోస్తుండ్రు గదా, ఇంక నాకేం మిగిలిందని" అంటూ బాలకిషన్ లేపాడు. కృష్ణయ్య ఎడమ చెయ్యి లేపాడు.

ఐదో రోజు మొగులయ్య పోయాడు.

మలక్‌పేటలో ఒక మేడమీది గదిలో విచారణ జరిగింది. ఒక్కొక్కరే నిలబడి నోరు తెరిచారు. ప్రతి నోట్లోంచీ మొగులయ్య గొంతే, అదే దగ్గుతో వచ్చింది. రాహేలు తన మొగుడు పొగలోంచి పిలిచిన సంగతి ఆ గొంతుతోనే చెప్పింది. కన్నీళ్లు మాత్రం ఆమెవి. ఆఫీసరు తల ఊపి, "మొగులయ్య సాక్ష్యం, పది నోళ్ల మీదుగా" అని గుమస్తాతో రాయించాడు.

సేటు తరఫు వకీలు లేచాడు. "నోళ్లు పదైనా సాక్షి ఒక్కడే సార్. సేటు ఆర్డర్ ఇచ్చిండంటున్నడు. ఎవరికిచ్చిండు? పేరేది? తీసుకున్నోడు లేని ఆర్డర్ గాలిమాట."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "ఆ చెయ్యి ఎవరిది?"

పది నోళ్లూ ఒకేసారి అన్నాయి: "అది నేను చెప్పే ముచ్చట కాదు. ఆ చెయ్యున్నోడే చెప్పాలె."

ఇక మిగిలింది కృష్ణయ్య. లేచి నిలబడ్డాడు. ఆ రోజు ఒక్క చుక్కైనా గొంతులోకి జారి ఉంటుందని ఆశపడ్డాడు. మొగులయ్య గొంతు వస్తే దాని చాటున దాక్కోవచ్చు. పదితో పదకొండు, ఎవరూ వేలు పెట్టి చూపరు. చెప్పకపోతే కాగితం మీద మూర్ఛే నిలుస్తుంది. చెబితే తనకు జైలు, పైగా రాహేలు ముఖం.

నోరు తెరిచాడు. వచ్చింది తన గొంతే, పలచగా, ఒంటరిగా.

"ఆ చెయ్యి నాది సార్. సేటు నన్ను పేరు పెట్టి పిలిచి చెప్పిండు. ఇశ్రాయేలు లోపలున్నడని మా ఇద్దరికీ ఎరుకనే."

"నా ఉప్పు తిన్నవ్ రా కృష్ణయ్యా!" సేటు అరిచాడు.

"తిన్న సేటూ. నీ పొగ గుడ తిన్న."

రాహేలు ఆయన వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇశ్రాయేలుది మూర్ఛ చావు కాదని కాగితం మీద పడింది. ఫ్యాన్ స్విచ్‌కు పెట్టె, పెట్టెకు తాళం వచ్చాయి. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో నెలనెలా పనివాళ్లే చేతులు లేపి తేల్చుకుంటారు. గెలిచారు అనుకుంటున్నారా? పోలీసులు ఇద్దరినీ పట్టుకుపోయారు. సేటుకు వారంలో జామీను దొరికింది. కృష్ణయ్యకు జామీను ఉండేవాడు దొరకలేదు. చంచల్‌గూడ జైల్లో పదకొండు నెలలున్నాడు. ఆదేశం ఇచ్చినవాడికి కారు, పాటించినవాడికి కటకటాలు. నా బతుకులో ఇది ఎన్నోసారో చెప్పమంటే చెప్పలేను.

విడుదలైన శనివారం కృష్ణయ్య తిన్నగా మొగులయ్య ఇంటిముందుకే వచ్చి చాప అంచున నిలబడ్డాడు. గడ్డం తెల్లబడింది. "నాది గుడ ఒక మాటుంది. పావుగంటే కదా అని ఎట్ల అనుకున్ననో అది చెప్పుకోవాలె," అన్నాడు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు.

ఆగమ్మ చెంబు నింపి తిప్పింది. బాలకిషన్ పుక్కిట పట్టాడు. పక్కవాడు పట్టాడు. చెంబు రాహేలు ముందుకొచ్చి ఆగింది. పడితే కడదాకా వినాలి, విన్నాక మింగాలి. మింగితే, తన మొగుడి ఊపిరి ఆపిన మనిషి గొంతు బతికినన్నాళ్లు ఆమె లోపల ఉంటుంది, పిండి తడిపేటప్పుడు, ప్రార్థన చేసేటప్పుడు. పట్టకపోతే, ఆ మనిషి ఆ మాటతోనే చస్తాడు, రేపు ఇంకో స్విచ్ దగ్గర ఇంకొకడు పావుగంటే కదా అనుకుంటాడు. రాహేలు చెంబును చూస్తూ కూర్చుంది.

ఆమె చోట మీరుంటే, అందుకుంటారా?